మందుకు లొంగని పిడుదులు: కొత్త మందుకు పెట్టే పరీక్షలు

తెలుగువారు పిడుదు అనీ, గోమారి అనీ వ్యవహరించే పురుగును కన్నడిగులు ఉణుగు అనీ, తమిళులు ఉణ్ణి అనీ అంటారు. కోలారు, కృష్ణగిరి, చిత్తూరు జిల్లాలు ఒకదానినొకటి తాకే ప్రాంతంలో ఈ పేర్లన్నీ ఒకే పశువుల సంతలో వినిపిస్తాయి. సిరొంచ, నాందేడు వైపు వెళితే అదే పురుగు గోచీడ్ అవుతుంది. పేరు ఏదైనా పురుగుకు రాష్ట్రాల సరిహద్దులతో నిమిత్తం లేదు. ఘాటి సుబ్రహ్మణ్య జాతరలో కొన్న ఎద్దు చెవిలో దాగి అది ఏ ఊరికైనా ప్రయాణం చేయగలదు. ప్రయాణం చేసేది పురుగు ఒక్కటే కాదు, దాని ఒంట్లో ఇమిడి ఉన్న మొండితనం కూడా. ఒక తాలూకాలో మందు తట్టుకోవడం నేర్చిన పిడుదు, ఆ మందు ఎన్నడూ వాడని మరో తాలూకాలో దిగి అక్కడ సంతానాన్ని పెంచుతుంది.

"మందు కొట్టినా పిడుదులు పోవడం లేదు" అన్న మాట పాడి రైతుల నోట తరచుగా వినవస్తున్నది. ఈ మాటలో నిజం ఉన్నది. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి మందులకు లొంగని పిడుదులు దేశంలోని అనేక రాష్ట్రాలలో ఉన్నట్లు పరిశోధకులు పరీక్షలు చేసి నిర్ధారించారు. అయితే ప్రతి కొట్టంలోనూ జరుగుతున్నది ఇదేనని చెప్పడానికి వీలు లేదు. మందు బాగానే పనిచేసినా పిడుదులు మళ్ళీ కనబడవచ్చు. ఏమాత్రం పనిచేయని మందు వాడినా పిడుదులు వాటంతట అవే రాలిపోయి, మందు గొప్పగా పనిచేసినట్లు కనబడవచ్చు. కంటికి కనబడే ఈ రెండు మోసాలనూ తప్పించడానికే శాస్త్రజ్ఞులు కొన్ని పరీక్షా పద్ధతులు ఏర్పరచుకున్నారు. కొత్త మందు ఏది వచ్చినా ముందు ఈ పరీక్షలు దాటవలసిందే. వాటి తీరు తెలిస్తే, దుకాణంలో చేతికి వచ్చిన సీసాను గురించి ఏ ప్రశ్న వేయాలో రైతుకు తెలుస్తుంది.

మూడు వారాల కాపురం

మన పశువులపై ఎక్కువగా కనబడే పిడుదులు రెండు రకాలు. మొదటిది రైపిసెఫాలస్ మైక్రోప్లస్. పాత పుస్తకాలలో దీనినే బూఫిలస్ అని వ్రాశారు. ఎర్రమూత్రం తెచ్చే బెబీసియా క్రిమినీ, రక్తహీనత, కామెర్లు తెచ్చే అనాప్లాస్మా క్రిమినీ ఇది మోసుకు వస్తుంది. రెండవది హయలోమ్మా అనటోలికమ్. ఇది పరిమాణంలో పెద్దది, కాళ్ళపై లేత రంగు పట్టీలు ఉంటాయి, కొట్టం గోడల పగుళ్ళలో దాగి ఉండడం దీని అలవాటు. సంకర జాతి ఆవులను, ముఖ్యంగా లేగదూడలను బలిగొనే థైలేరియా వ్యాధి దీని ద్వారానే వస్తుంది.

మైక్రోప్లస్ జీవితం ముందుగా తెలుసుకోవాలి. గడ్డి కొసన వేచి ఉండే పిల్ల పిడుదుకు ఆరు కాళ్ళు మాత్రమే ఉంటాయి. ఆవ గింజకంటె చిన్నది కాబట్టి కంటికి ఆనదు. పశువు అటుగా వెళ్ళగానే పట్టుకొని ఎక్కుతుంది. ఆ తరువాత అది దిగదు. పిల్ల దశ, మధ్య దశ, పెద్ద దశ మూడూ అదే పశువు ఒంటిపై గడిచిపోతాయి. రెండుసార్లు కుబుసం విడిచి, సుమారు 21 రోజులకు ఆడ పిడుదు నిండా రక్తం తాగి చిన్న ద్రాక్షపండులా ఉబ్బి నేల రాలుతుంది. అది తాగే రక్తంలో అధిక భాగం చివరి ఒక్కరోజులో తాగినదే. రాలిన కొద్ది రోజులకు రెండు మూడు వేల గుడ్లు పెట్టి చనిపోతుంది. గుడ్లు పొదగబడిన తరువాత పిల్లలు గడ్డి ఎక్కి, ఆహారం లేకుండానే వారాలు, తేమగల చోట్ల నెలల తరబడి వేచి ఉంటాయి. పశువుపై ఉన్న పిడుదులకంటె మేతబీడులో ఉన్న పిల్ల పిడుదులే ఎప్పుడూ ఎక్కువ.

ఇప్పుడు మోసం ఎక్కడ ఉన్నదో చూడవచ్చు. ఒక రైతు ఆవుపై ఉబ్బిన పిడుదులు చూసి, ఎవరో చెప్పిన కషాయం పూస్తాడు. అవి అప్పటికే 19, 20 రోజుల వయసువి. మరునాడో, ఆ పైనాడో ఎలాగూ రాలవలసినవే. రాలిపోతాయి. కషాయానికి పేరు వస్తుంది. మరొక రైతు మంచి మందు సరైన పాళ్ళలో కొడతాడు. ఉన్న పిడుదులన్నీ చస్తాయి. కాని ఆవు రోజూ అదే బీడులో మేస్తుంది, రోజూ వందల పిల్ల పిడుదులు ఎక్కుతూనే ఉంటాయి. మూడు వారాలు గడిచేసరికి ఆవు మళ్ళీ పిడుదులతో నిండి ఉంటుంది. మందుకు చెడ్డపేరు వస్తుంది.

పోలిక లేనిదే పరీక్ష లేదు

ఈ చిక్కును తొలిసారి విప్పిన ప్రయోగం పిడుదులపైనే జరగడం విశేషం. పంతొమ్మిదవ శతాబ్దంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల పశువులను ఉత్తరానికి తోలినపుడల్లా ఉత్తరాది పశువులు రక్తమూత్రంతో చనిపోయేవి. తెచ్చిన పశువులు మాత్రం చూడడానికి ఆరోగ్యంగానే ఉండేవి. 1889లో థియోబాల్డ్ స్మిత్, ఫ్రెడరిక్ కిల్‌బోర్న్ వాషింగ్టన్ సమీపంలో పొలాలకు కంచెలు వేసి ప్రయోగాలు ప్రారంభించారు. ఒక పొలంలో దక్షిణాది పశువులను పిడుదులతో సహా ఉంచి, వాటితో ఉత్తరాది పశువులను కలిపారు. మరో పొలంలో దక్షిణాది పశువుల ఒంటిపై ఉన్న పిడుదులను చేతితో ఏరివేసిన తరువాతనే కలిపారు. ఇంకొక చోట పశువులే లేకుండా పిడుదులను మాత్రమే చల్లారు. పిడుదులున్న పొలాలలో జబ్బు వచ్చింది, ఏరివేసిన పొలంలో రాలేదు. 1893లో వారు ప్రకటించిన నివేదిక, ఒక పురుగు ద్వారా వ్యాధి వ్యాపిస్తుందని ప్రయోగపూర్వకంగా నిరూపించిన తొలి పత్రాలలో ఒకటిగా నిలిచింది. దోమకూ మలేరియాకూ గల సంబంధాన్ని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనుగొన్నది ఆ తరువాత నాలుగేళ్ళకు, 1897లో.

ఆ కంచెల వెనుక ఉన్న ఆలోచనే నేటి మందుల పరీక్షలకూ ఆధారం. మందు వేసిన గుంపు పక్కనే, అన్ని విధాలా దానిని పోలినదీ, మందు మాత్రం వేయనిదీ మరొక గుంపు ఉండాలి. రెండవ గుంపులో పిడుదులు ఎన్ని రాలాయో తెలియకుండా, మొదటి గుంపులో రాలినవాటికి మందే కారణమని చెప్పరాదు.

మందులు ఓడిపోయిన వరుస

స్మిత్, కిల్‌బోర్న్ తేల్చిన విషయాన్ని ఆధారం చేసుకొని అమెరికా 1906లో పిడుదుల నిర్మూలన ప్రారంభించింది. పశువులను పాషాణం కలిపిన నీటి తొట్లలో ముంచి తీసేవారు. 1943 నాటికి మెక్సికో సరిహద్దున టెక్సాసులో ఒక సన్నని పట్టీ మినహా దేశమంతా ఆ పిడుదు లేకుండా పోయింది. ఆ పట్టీలో గుర్రాలపై గస్తీ తిరుగుతూ, నది దాటి వచ్చే పశువులను పట్టి పరీక్షించే ఉద్యోగులు నేటికీ ఉన్నారు. వారికి ఇటీవలి తలనొప్పి ఏమిటంటే, గత శతాబ్దపు పూర్వార్ధంలో వేటకోసం భారతదేశం నుంచి తీసుకుపోయిన మనుబోతులు అక్కడ అడవిపాలై, పిడుదులను మోసుకు తిరుగుతున్నాయి. మనుబోతును పట్టి తొట్టిలో ముంచడం ఎవరి తరమూ కాదు.

ఇతర దేశాల కథ ఇంత సుఖాంతం కాలేదు. ఆస్ట్రేలియాలో పాషాణానికి లొంగని పిడుదులు 1930ల చివరలో కనబడ్డాయి. యుద్ధం తరువాత డి.డి.టి. వచ్చింది, పదేళ్ళలోనే దానికీ అదే గతి పట్టింది. ఆర్గానోఫాస్ఫేటు మందులను తట్టుకొనే పిడుదులు 1963లోను, అమిట్రాజ్‌ను తట్టుకొనేవి 1980లోను బయటపడ్డాయి. పైరిత్రాయిడ్ల వంతు 1980లలోనే వచ్చింది. ఐవర్‌మెక్టిన్ సూది మందుకు లొంగని పిడుదులను 2001లో బ్రెజిల్‌లో గుర్తించారు. 2014లో అదే దేశపు దక్షిణాదిన, రియో గ్రాండె దొ సుల్ రాష్ట్రంలో, ఆరు తరగతుల మందులను ఏకకాలంలో తట్టుకొనే పిడుదులు దొరికాయి. మన దేశంలోనూ ఒకనాడు గమేక్సిన్ పొడి చల్లని కొట్టం లేదు. బి.హెచ్.సి. అనే ఆ మందును 1997లో నిషేధించారు.

మందు పిడుదులో మొండితనాన్ని పుట్టించదు. లక్షల పిడుదులలో ఏ ఒక్కదానికో పుట్టుకతోనే ఒక చిన్న మార్పు ఉంటుంది. పైరిత్రాయిడు మందు పిడుదు నరాలలోని సోడియం ద్వారాలను పట్టుకొని మూసుకోనివ్వదు. ఆ ద్వారం ఆకారం కొద్దిగా మారిన పిడుదుకు మందు అంటదు. మరికొన్ని పిడుదులలో విషాన్ని విరగ్గొట్టే ఎంజైములు అధికంగా తయారవుతాయి. మందు కొట్టినపుడు తక్కినవి చస్తాయి, ఇవి మిగిలి మూడేసి వేల గుడ్లు పెడతాయి. ఏడాదికి మూడు నాలుగు తరాలు గడిచే పురుగుకు ఊరంతటినీ ఆక్రమించడానికి ఎంతో కాలం పట్టదు. అరకొర మోతాదు ఈ పనిని మరింత త్వరపెడుతుంది. పెద్ద ఆవు ఒళ్ళంతా, గంగడోలు కిందా, చెవుల లోపలా, పొదుగు చుట్టూ, తోక మొదటా తడవాలంటే నాలుగైదు లీటర్ల ద్రావణం కావాలి. ఒక లీటరుతో వీపు తడిపి వదలిపెట్టడమే అనేక చోట్ల జరుగుతున్నది. ఇక పైరుకు కొట్టే పురుగుమందునే పశువుకూ కొట్టడం మరీ ప్రమాదకరం. చొంగ కార్చుకుంటూ, వణుకుతూ ఆవు కూలబడితే దోషం పిడుదుది కాదు.

గాజు పళ్ళెంలో

కొత్త మందుకైనా, పాత మందు ఇంకా పనిచేస్తున్నదా అని చూడడానికైనా తొలి పరీక్ష ప్రయోగశాలలో జరుగుతుంది. ఇందులో రెండు పద్ధతులు ప్రసిద్ధమైనవి.

మొదటిది పెద్ద పిడుదులను ముంచే పరీక్ష. పశువు నుంచి రాలిన ఉబ్బిన ఆడ పిడుదులను కడిగి, తూకం వేసి, సమాన బరువుగల జట్లుగా విడదీస్తారు. ఒక జట్టును మందు ద్రావణంలో, మరొక జట్టును మందులేని ద్రావణంలో కొద్ది నిమిషాలపాటు ముంచి, ఆరబెట్టి, తేమగల వెచ్చని పెట్టెలో ఉంచుతారు. తరువాత చూసేది చచ్చాయా లేదా అన్నది మాత్రమే కాదు, గుడ్లు ఎన్ని పెట్టాయి, వాటిలో ఎన్ని పిల్లలయ్యాయి అన్నది కూడా. రైతుకు నష్టం కలిగించేది ఈ పిడుదు కాదు, దీని సంతానం.

లెక్క ఎలా ఉంటుందో ఊహకోసం ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. మందులేని జట్టులో 10 పిడుదుల బరువు 2.5 గ్రాములు, అవి పెట్టిన గుడ్లు 1.25 గ్రాములు, అందులో 90 శాతం పిల్లలయ్యాయి అనుకుందాం. గ్రాముకు సుమారు 20,000 గుడ్లు తూగుతాయి కాబట్టి 25,000 గుడ్లు, 22,500 పిల్లలు. మందు తగిలిన జట్టు కూడా అంతే బరువుది, కాని గుడ్లు 0.25 గ్రాములే, పొదిగినవి సగమే. అంటే 2,500 పిల్లలు. మందు 22,500 లో 20,000 పిల్లలను పుట్టకుండా ఆపింది, దాని సామర్థ్యం దాదాపు 89 శాతం. వినడానికి మంచి అంకెలాగే ఉన్నది. కాని మిగిలిన 2,500 పిల్లలూ మందు దెబ్బ తిన్న తల్లుల సంతానమని గుర్తుంచుకోవాలి. పిడుదు మందుకు అనుమతి ఇవ్వడానికి బ్రెజిల్ ప్రభుత్వం 95 శాతం సామర్థ్యం కోరడానికి కారణం ఇదే.

రెండవది పిల్ల పిడుదుల పొట్లం పరీక్ష. మందును నూనెలో కలిపి వడపోత కాగితానికి పట్టించి, ఆరిన తరువాత మడిచి పొట్లం కట్టి, అందులో సుమారు నూరు పిల్ల పిడుదులను వేసి అంచులు బిగిస్తారు. ఇరవైనాలుగు గంటల తరువాత విప్పి చచ్చినవాటినీ నడిచేవాటినీ లెక్కపెడతారు. ఇక్కడా మందులేని పొట్లం తప్పదు. అందులోనూ నూటికి ఐదు చచ్చాయంటే ఆ ఐదింటి మరణం మందు ఖాతాలో వేయరాదు. అందులోనే నూటికి ఇరవై చచ్చాయంటే పురుగుల్లోనో, పనితనంలోనో లోపం ఉన్నట్లు, పరీక్ష కొట్టివేసి మళ్ళీ చేయవలసిందే. మందులకు సులభంగా లొంగే పిడుదులను తరతరాలుగా పెంచుతూ, వాటిలో దాదాపు అన్నింటినీ చంపే మోతాదు ఎంతో ముందే కనుక్కొని ఉంచుతారు. మన దేశంలో బరేలీ దగ్గర ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ ఇటువంటి ప్రామాణిక వంశాన్ని పోషిస్తున్నది. ఆ మోతాదుకు రెట్టింపు పెట్టినపుడు కూడా ఒక ఊరి పిడుదులు నడుస్తూ కనబడితే, ఆ ఊరిలో మందుకు కాలం చెల్లుతున్నదని అర్థం.

ఈ పరీక్షకు ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. తెచ్చిన పిడుదులు గుడ్లు పెట్టి, పిల్లలై, ఆ పిల్లలకు రెండు వారాల వయసు రావాలంటే నెలన్నర పడుతుంది. అంతవరకు రైతు ఆగడు. ఈ ఆలస్యమే పరీక్షలకు ఆదరణ లేకపోవడానికి ప్రధాన కారణమని చెప్పాలి.

ఆవు ఒంటిపై

పళ్ళెంలో గెలిచిన మందు ఆవు ఒంటిపై గెలవాలని లేదు. ఎండ ఉన్నది, వాన ఉన్నది, చెమట ఉన్నది, దట్టమైన వెంట్రుకలు ఉన్నవి. కనుక రెండవ అంచె పరీక్ష కొట్టంలో కట్టిన దూడలపై జరుగుతుంది. ఇందులోని నేర్పు ప్రత్యేకంగా చెప్పుకోదగినది. మందు వేయబోయే రోజుకు మూడు వారాల ముందునుంచే వారానికి రెండు మూడు పర్యాయాలు ఒక్కొక్క దూడపైకి వేల సంఖ్యలో పిల్ల పిడుదులను ఎక్కిస్తూ వస్తారు. అందువల్ల మందు వేసే నాటికి ఒకే దూడపై అన్ని వయసుల పిడుదులూ ఉంటాయి. చివరి మూడు రోజులు రాలిన పిడుదులను లెక్కించి, దానినిబట్టి దూడలను సమానమైన రెండు గుంపులు చేస్తారు. ఏ గుంపుకు మందు అన్నది చీట్లు వేసి నిర్ణయిస్తారు.

ఆపై మరో మూడు వారాలు ప్రతి ఉదయం నేల కడిగి, జల్లెడ పట్టి, రాలిన ఆడ పిడుదులను ఏరి లెక్కపెట్టి, తూచి, గుడ్లకు ఉంచుతారు. మొదటి వారంలో రాలేవి మందు వేసిన రోజున పెద్ద దశలో ఉన్నవి. రెండవ వారంలోవి ఆ రోజున మధ్య దశలో, మూడవ వారంలోవి పిల్ల దశలో ఉన్నవి. ఈ విధంగా ఏ దశపై మందు పనిచేసింది, ఏ దశను వదలిపెట్టింది అన్నది రాలిన తేదీయే చెబుతుంది. మూడవ అంచెలో మందును మామూలు మందలకు ఇచ్చి, బీడులో మేసే పశువులపై పిడుదులను లెక్కిస్తారు. లెక్కించే మనిషికి ఏ పశువు ఏ గుంపుదో తెలియనీయరు. తెలిస్తే, ఎంతటి నిజాయితీపరుడికైనా చూపు కొంత ఒరుగుతుంది.

ఇవి గాక పశువు క్షేమం చూడాలి. సిఫారసు చేయబోయే మోతాదుకు మూడింతలు, ఐదింతలు ఇచ్చి దుష్ఫలితాలు పరిశీలిస్తారు. పాలలో, మాంసంలో మందు శేషం ఎన్నాళ్ళు ఉంటుందో కొలుస్తారు. పాడి రైతుకు అన్నింటికంటె ముఖ్యమైన అంశం ఇదే అయినా, అతనికి తక్కువగా తెలియజేయబడుతున్నదీ ఇదే. ఐవర్‌మెక్టిన్ వంటి సూది మందు పాలలోకి దిగుతుంది. అందువల్ల పాలిచ్చే ఆవుకు పశువైద్యుని సలహా లేకుండా వేయరాదు.

పరీక్షకు నిలిచినవి, నిలవనివి

కొత్తగా వచ్చినవాటిలో ఐసాక్సజోలిన్ల తరగతి ముఖ్యమైనది. కుక్కల పిడుదులకు బిళ్ళలుగా ఇదివరకే వాడుకలో ఉన్న ఫ్లురాలనర్‌ను పశువుల వీపుపై పోసే మందుగా 2022లో బ్రెజిల్‌లో విడుదల చేశారు. పాత మందులు పట్టుకొనే చోటు గాక నరాలలో వేరొక చోటును ఇది పట్టుకుంటుంది కాబట్టి, పాత మందులను తట్టుకొనే పిడుదులు కూడా దీనికి లొంగుతున్నాయి. కాని ఐవర్‌మెక్టిన్ వచ్చిన కొత్తలోనూ ఇదే మాట అన్నారు.

టీకా మార్గం వేరు. 1989లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు పిడుదు పేగు గోడలోని బి.ఎం.86 అనే ప్రొటీనును గుర్తించారు. దానిని పశువుకు టీకాగా వేస్తే పశువు రక్తంలో ప్రతిరక్షకాలు తయారవుతాయి. ఆ రక్తం తాగిన పిడుదుకు పేగు దెబ్బతింటుంది. 1990ల మొదట్లో క్యూబాలోను, ఆస్ట్రేలియాలోను ఈ టీకాలు మార్కెట్టుకు వచ్చాయి. టీకా వేసిన మరునాడు పిడుదులు రాలవు. తరువాతి తరంలో గుడ్లు తగ్గి, క్రమేణ బీడు శుభ్రపడుతుంది. దీని సామర్థ్యాన్ని రాలిన సంఖ్య, గుడ్ల బరువు, పొదిగిన శాతం మూడింటినీ కలిపి లెక్కిస్తారు. ఒక దేశపు పిడుదులపై బాగా పనిచేసిన టీకా అర్జెంటీనాలోని ఒక రకం పిడుదులపై పనిచేయలేదు. ప్రొటీనులో స్వల్ప తేడాయే కారణం. కనుక ఏ టీకానైనా స్థానిక పిడుదులపై పరీక్షించక తప్పదు. దీనికి భిన్నంగా, పిడుదును వదలి అది తెచ్చే వ్యాధిని అడ్డుకొనే టీకా హైదరాబాదులోనే తయారవుతున్నది. ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ ఉత్పత్తి చేసే రక్షావాక్-టి థైలేరియా నుంచి సంకర జాతి ఆవులను కాపాడుతుంది. ద్రవ నత్రజనిలో భద్రపరచవలసి రావడం దానికి గల ఇబ్బంది.

మూలికల విషయంలో అతి నమ్మకమూ, అతి తిరస్కారమూ రెండూ సరికావు. వేప, సీతాఫలం గింజలు, కానుగ, వావిలి మొదలైనవాటి సారాలు గాజు పళ్ళెంలో పిడుదులను చంపడమో, గుడ్లు తగ్గించడమో చేస్తున్నట్లు అనేక పరీక్షలలో తేలింది. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ వెల్లుల్లి, వేపాకు, వస, పసుపు, తులసి మొదలైనవి కలిపిన ద్రావణాన్ని ప్రచారం చేస్తున్నది. చిక్కు ఎక్కడంటే, వేపలోని అజాడిరాక్టిన్ ఎండకు త్వరగా విరిగిపోతుంది. ఒక చెట్టు గింజలో ఉన్నంత సారం మరొక చెట్టు గింజలో ఉండదు. పళ్ళెంలో అంకె చూసి ఆవుపై ఫలితం ఊహించరాదు. సీతాఫలం గింజల పొడి కంటిలో పడితే మనిషికైనా, పశువుకైనా తీవ్రమైన గాయమవుతుందన్న హెచ్చరిక కూడా చేయవలసి ఉన్నది. పిడుదులపై పెరిగే మెటారైజియం అనే బూజు కథా ఇంతే. నీడలో, తేమలో బ్రహ్మాండంగా పనిచేసి, ఎండ తగిలిన వీపుపై చతికిలపడుతుంది.

ఏ మందూ లేకుండానే పరీక్షకు నిలిచినది పశువు జాతి. ఒంగోలు గిత్తల సంతతి బ్రెజిల్ చేరి, నెల్లూరు పేరుతో 'నెలోరె' అయి, ఆ దేశపు మాంసపు పశువులలో అత్యధిక భాగం అయింది. మూపురంగల మన జాతుల చర్మం పిల్ల పిడుదులలో అధిక భాగాన్ని నిలవనీయదు. ఆస్ట్రేలియా కూడా 1933లో మూపురపు జాతులను తెప్పించుకొని సంకరం చేసినది ఈ గుణం కోసమే. అక్కడికి పంపిన గుణాన్ని ఇక్కడి కొట్టాలలో పాల దిగుబడి కోసం వదులుకోవలసి రావడం విచిత్రమే. హెచ్.ఎఫ్. రక్తం పెరిగేకొద్దీ పిడుదుల మందు ఖర్చూ పెరుగుతున్నది.

కొట్టంలో చేయగలిగినది

ప్రయోగశాల దూరమైనా, రైతు తన కొట్టంలోనే పిడుదు పరిమాణాన్ని చూసి కొంత తేల్చుకోవచ్చు. పిచికారి మందు సరైన పాళ్ళలో, ఒళ్ళంతా తడిసేలా కొట్టిన మూడు నాలుగు రోజుల తరువాత ఆవు ఒక పక్క మొత్తం వేళ్ళతో తడిమి చూడాలి. కంటికి ఆననంత చిన్నవి, నువ్వుగింజలోపువి ఉంటే అవి బీడు నుంచి కొత్తగా ఎక్కినవి. మందును తప్పుపట్టరాదు. కందిగింజంతవి సజీవంగా ఉంటే, మైక్రోప్లస్ నాలుగు రోజులలో అంత ఎదగదు కాబట్టి, అవి మందును తట్టుకొని మిగిలినవి. సూది మందు నిదానంగా పనిచేస్తుంది, దానికి వారం పైగా ఆగి చూడాలి. కాళ్ళపై పట్టీలున్న హయలోమ్మాకు ఈ కొలత పనికిరాదు. అది పెద్దదయ్యాకనే గోడ పగులు నుంచి ఎక్కుతుంది. దానికి మందు ఆవుపై కంటె గోడపైనే ఎక్కువ అవసరం.

మిగిలినవి కనబడితే అదే మందును రెట్టింపు చేయడం తగదు. పేరు మార్చి అదే తరగతి మందు కొనడమూ వృథా. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ ఒకే కుటుంబం, ఒకటి ఓడిన చోట రెండవది గెలవడం అరుదు. అమిట్రాజ్ వేరే కుటుంబం. మార్చవలసినది కుటుంబాన్ని.

నిర్ధారణ కావాలనుకొనేవారు పిడుదులను పశువైద్య కళాశాలల పరాన్నజీవి శాస్త్ర విభాగాలకు పంపవచ్చు. సరిహద్దు జిల్లాలవారికి బెంగళూరు హెబ్బాళ, నామక్కల్, తిరుపతి, హైదరాబాదు, నాగపూరు, భువనేశ్వర్ కళాశాలలలో ఏదో ఒకటి దగ్గరవుతుంది. ముందుగా స్థానిక పశువైద్యుని ద్వారా మాట్లాడుకోవడం మంచిది. నెలరోజులుగా మందు వేయని పశువుల నుంచి, తనంతట తాను రాలబోతున్న ఉబ్బిన పిడుదులను నలపకుండా ఏరాలి. వెడల్పు మూతిగల సీసాలో వేసి, గాలి ఆడేలా పలుచని గుడ్డ కట్టి, ఎండ తగలకుండా, గుడ్లు పెట్టడం మొదలు కాకముందే, అంటే ఒకటి రెండు రోజులలో చేర్చాలి. సీసాపై అంటించే చీటీలో ఊరు, తేదీ, ఏడాదిలో వాడిన మందుల పేర్లు, లీటరుకు ఎంత కలిపినదీ వ్రాయాలి. పశువును బయటినుంచి కొన్నదైతే ఏ సంతలో, ఎప్పుడు కొన్నదో కూడా వ్రాయాలి.